చింతపల్లి దీపస్తంభానికి సిమెంటు పూయొద్దు

సంపాదకులకు,

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి గుట్ట మీద 1847లో దీపస్తంభం పెట్టింది భీమిలి రేవుకొచ్చే ఓడల కోసం. తీరానికి ఆరు మైళ్ల అవతల నీళ్లలో ఉన్న బండలకు అవి తగలకూడదని. ఇలాంటి పాత కట్టడాలకు మరమ్మతు అనగానే మన దగ్గర ముందు దిగేవి సిమెంటు బస్తాలు, ప్లాస్టిక్ పెయింటు డబ్బాలు. గోడను పాడుచేసేవి ఆ రెండే.

ఆ కాలంలో గోడలు కట్టింది సున్నంతో. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు చెమ్మతో పాటు గోడలోకి దిగుతుంది. ఎండ కాస్తే చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది, ఉప్పు పైపూతలోనే తేలి దాన్ని పొడిగా రాలుస్తుంది. రాలనివ్వండి, పూత మళ్లీ వేసుకోవచ్చు. పైన సిమెంటు ఉంటే చెమ్మకు దారి లేదు. ఉప్పు దాని వెనకాలే గడ్డకట్టి ఉబ్బుతుంది. ఊడిన సిమెంటు పెచ్చును తిప్పి చూస్తే వెనక ఇటుక పొర అంటుకుని కనిపిస్తుంది. ఆ ఇటుక ఇక తిరిగి రాదు.

ముందు చెక్క సుత్తితో గోడంతా తట్టి, గుల్లగా మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి. పాత సిమెంటును చేతి ఉలితోనే తీయాలి, డ్రిల్లు పెడితే పక్క ఇటుకలూ కదులుతాయి. తర్వాత మంచినీళ్లలో నానిన కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీసేయాలి. ఉప్పును అదే లాగుతుంది. రెండు మూడు సార్లు చేయక తప్పదు.

సున్నాన్ని చల్లార్చి కనీసం 3 వారాలు నీళ్ల కింద ఉంచాలి. సున్నం ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక రెండు పాళ్లు, మెత్తని ఇటుక పొడి ఒక పాలు. సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా కలపొద్దు. ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు దాటితే బీటలిస్తుంది. వారం పది రోజులు తడి గోనె పట్టాలు కప్పి ఉంచాలి. ఎక్కువ చోట్ల పని చెడేది ఇక్కడే: గాలికి తొందరగా ఆరిన పూత గోరుతో గీకినా రాలుతుంది. పైన పెయింటు బదులు నాలుగైదు పలుచని వెల్లలు చాలు.

గోడలో దిగిన ఇనుప కమ్మీలనూ చూడాలి. తుప్పు ఉబ్బి రాతిని చీలుస్తుంది.

తుపానుల కాలం పోయాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఈ పని పెట్టుకోవాలి. టెండరులో ఉత్త ‘ప్లాస్టరింగు’ అని రాస్తే వచ్చేది సిమెంటే. సున్నం పాళ్లు, తడిపే రోజులు విడిగా రాసి, ముందు గోడలో ఒక చిన్న భాగానికి పూత వేయించి, ఒక వానాకాలం చూశాకే మిగతాది మొదలుపెట్టాలని అధికారులను కోరుతున్నాం.

- పాత సున్నపు కట్టడాల మరమ్మతు పనివారు, ఉత్తరాంధ్ర