తీసిన చెత్త మళ్లీ కాలువలోకే!

సంపాదకులకు,

మాది కోనసీమలో కాలువ గట్టు మీది వీధి. గంటసేపు గట్టి వాన పడితే చాలు, మురుగు మెట్లెక్కి వచ్చేది. పోయిన జూన్‌లో మా ఊరి పర్యావరణ సంస్థ కుర్రాళ్లు డ్రెయిన్ (మురుగు కాలువ) తూము దగ్గర దిగారు. గుర్రపుడెక్క, దాని వేళ్లకు చుట్టుకున్న కవర్లు, పెళ్లిభోజనాల ప్లేట్లు, చివరికి ఓ చిరిగిన పరుపు కూడా లాగారు. సాయంత్రానికి నీరు కదిలింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన బతుకంతా కాలువల మీదే. కానీ నీరు రావడమెంత ముఖ్యమో పోవడమూ అంతే. పల్లపు నేల, సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు అసలే లాగవు. పైగా చెరువులు పూడ్చి లేఅవుట్లు వేస్తే వాన నీరు ఎక్కడికి పోతుంది?

ఆ కుర్రాళ్లు గట్టు వెంట కానుగ, వేప, నేరేడు మొక్కలు కూడా నాటారు. ఫొటో దిగి వెళ్లిపోయే బాపతు కాదు, ఇంటికో మొక్క అప్పగించారు. మా వాటా కానుగకు మా ఆవిడ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది. 1996 నవంబర్ తుపానుకు కొబ్బరితోటలు కూలడం చూసినదాన్నంటూ, మొక్కకు కర్ర ఊతం కూడా తనే కట్టింది.

బాధేమిటంటే, తీసిన చెత్త పది రోజులు గట్టు మీదే ఉంది. ట్రాక్టర్ రాలేదు, వాన వచ్చింది. సగం మళ్లీ కాలువలోకే జారింది. వేసవిలో సాగు కాలువలకు నీరు ఆపినప్పుడే డ్రెయిన్లలోనూ పూడిక తీయించి, తీసింది రెండు రోజుల్లో తరలించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కోనసీమ