కాఓర్ సీసా, వచ్చే ఆదివారం

చిట్టితల్లీ,

అమ్మకు నడుంనొప్పి తగ్గింది. బుజ్జిగాడి పరీక్షలయ్యాయి. తులూజ్‌లో చలి ముదిరి ఉంటుంది, మామ్మ అల్లిన స్వెట్టర్ వేసుకుంటున్నావా? ఫోన్ చేసి మూడు వారాలైంది. పని ఒత్తిడేమోలే.

వచ్చే ఆదివారం ఎవరో అబ్బాయి, వాళ్ళ అమ్మానాన్నలు, తాతగారు నీ దగ్గరికి భోజనానికొస్తున్నారని విజయ పిన్ని చెప్పింది. ఫ్రాన్స్‌లోనే కాఓర్ అనే ఊరి వైపు వాళ్ళట, ముందే అక్కడి ఎర్ర వైన్ రెండు సీసాలు పంపారట. ఎవరని నేనడగను. వైన్ సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఆడపిల్లకు ఈ పాఠాలేమిటని అమ్మ గొణుగుతూనే ఉంది.

సీసా మీద సంవత్సరం చూడు. అయిదేళ్ళలోపుదైతే రెండు గంటల ముందే వెడల్పాటి గాజు జగ్గులోకి ఒంపెయ్. బిరడా తీసి వదిలేస్తే చాలదు, ఆ సన్నటి మెడలోంచి గాలి ఏపాటి పోతుంది? పదేళ్ళు దాటినదైతే ముందురోజే నిలబెట్టు, మడ్డి అడుక్కి దిగుతుంది. వడ్డించే ముందు మెల్లగా ఒంపి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపు. వేడి 16 నుంచి 18 డిగ్రీలుండాలి. హీటర్ వేసిన గదిలో ఉన్న సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. వెచ్చబడితే స్పిరిట్ ఘాటే ముక్కుకు తగులుతుంది, మరీ చల్లబడితే వగరు నాలుకను పట్టేస్తుంది.

వైన్‌కు కాఓర్ అన్న పేరు పెట్టాలంటే అందులో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలి. మిగతాది మెర్లో, తన్నా అనే ద్రాక్షలు. ఆ వగరును విరిచేవి కొవ్వూ మాంసమూ. గోంగూర మాంసం చేస్తానంటావేమో, వద్దు తల్లీ. కారం మీద వగరు పడితే మంట రేగుతుంది, గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. మన రుచి చూపించాలనుంటే మిర్చి లేకుండా మిరియాలతో కాస్త మటన్ వేపుడు చెయ్.

అసలు వంటకు డబ్బాలో దొరికే బాతుకాళ్ళ కోన్ఫీ తెచ్చుకో, అంటే ఉప్పులో ఊరబెట్టి కొవ్వులో మెల్లగా ఉడికించిన కాళ్ళు. డబ్బాను వేడినీళ్ళలో ఉంచి కొవ్వు కరిగాకే కాళ్ళు తియ్, తొందరపడి లాగితే తోలు చిరుగుతుంది. దళసరి పెనంలో తోలు కిందికి పెట్టి, సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు కదపకుండా వేపు. పెద్దమంట పెడితే తోలు మాడుతుంది, ఎముక దగ్గర చల్లగానే ఉంటుంది. కొవ్వు పారబోయకు, అందులోనే బంగాళాదుంప చక్రాలు వేపు. వెల్లుల్లి దించేముందు వెయ్, ముందే వేస్తే చేదెక్కుతుంది. బాతు ఉప్పులో ఊరినదే కాబట్టి దుంపల ఉప్పు రుచి చూసి వేసుకో.

వాళ్ళ తాతగారిని 1956 ఫిబ్రవరి గురించి అడుగు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో లేవకు. ‘లో’ అనే నది వంపుల్లో పండే ఆ వైన్ ఒకప్పుడు నదిమీదుగా బోర్దో రేవుకెళ్ళేది. అక్కడి వర్తకులు తమ సరుకు ముందు అమ్ముడుపోయేలా వీళ్ళ పీపాల్ని ఆపేసేవారు. ఆ కట్టడి 1776లో ఫ్రాన్స్ రాజుగారి ఆర్థికమంత్రి తుర్గో ఎత్తేస్తేగాని పోలేదు. తర్వాత వంద ఏళ్ళకు ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్షతీగల వేళ్ళు తినేసింది. తేరుకునేలోగా 1956లో మంచు పడి తోటలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మోళ్ళు పీకి, మాల్బెక్‌నే ఎంచుకుని మళ్ళీ నాటారు. 1971లో ప్రాంతపు పేరుకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అన్నేళ్ళు పట్టు వదలని ఇంటివాళ్ళు పంపిన సీసా అది, దాన్ని వంటగట్టు మీద స్టవ్ పక్కన పెట్టకు.

ఆ అబ్బాయి కూడా తోటపనే చేస్తాడా, నీతోపాటు ఆఫీసులోనా? పిన్నికి తెలియదట. చెప్పాలనిపిస్తేనే చెప్పు, నాకు తొందరేం లేదు. అమ్మకు ఉంది.

గ్లాసులు మూడో వంతుకు మించి నింపకు. కుర్చీలు చాలుతాయా? బాతుకాళ్ళు మనిషికొకటి లెక్కన, నీదీ కలిపి అయిదు కొను. వడ్డించే హడావిడిలో నువ్వు తినడం మానేస్తావు. ఆదివారం ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్, మేం మేలుకునే ఉంటాం.

నాన్న