మమ్మల్ని క్షేమంగా కిందికి చేర్చినవాళ్లకి

మా చిన్న విమానం ఇంజిన్ గాల్లో ఆగిపోయి, పొలంలో దింపాల్సి వచ్చిన సంగతి ఇది. ముందుగా ఒక మాట, ఇద్దరం బాగానే ఉన్నాం. నాకు భుజం మీద బెల్టు ఒరుసుకున్న గీత, పక్క సీట్లో ఉన్న నా స్నేహితుడికి మోకాలికి చిన్న దెబ్బ, అంతే. ఒక్కొక్కరికీ జవాబివ్వలేక ఇక్కడ రాస్తున్నాను. నన్ను హీరో అంటున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

3,500 అడుగుల ఎత్తులో వెళ్తుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం మొదలుపెట్టింది, టెంపరేచర్ ముల్లేమో పైకి. వెనక్కి తిప్పేలోపే ఇంజిన్‌లో దబదబా చప్పుడు, ఒక పెద్ద కుదుపు, అద్దం నిండా ఆయిల్, ప్రొపెల్లర్ ఆగిపోయింది. తర్వాత మెకానిక్ విప్పి చూస్తే ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్‌కేస్‌కి, అంటే ఇంజిన్ బయటి గుల్లకి, కన్నం పెట్టేసింది. మళ్లీ స్టార్ట్ అయ్యే ప్రశ్నే లేదు.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందని కొందరు రాశారు. పడదు. మాది సెస్నా 172 అనే చిన్న విమానం, దాన్ని సుమారు 65 నాట్ల (గంటకు దాదాపు 120 కిలోమీటర్ల) వేగంలో పట్టుకుంటే ఒక అడుగు దిగేసరికి దాదాపు తొమ్మిది అడుగులు ముందుకు వెళ్తుంది. కాబట్టి మా చేతిలో ఐదు నిమిషాల దాకా ఉంది, ఆ కాస్త టైమ్‌లోనే ఇంతమంది సాయం అందింది.

మా ఇన్‌స్ట్రక్టర్ గారికి మొదటి దండం. ట్రైనింగ్‌లో ఉన్నట్టుండి పవర్ తగ్గించేసి "ఇప్పుడెక్కడ దిగుతావ్?" అని అడిగేవారు, అప్పట్లో ఒళ్లు మండేది. "తీగలు పైనుంచి కనపడవు, స్తంభాలు వెతుకు" అనేవారు. ముందు నేను చూసుకున్న పొలం చాలా బాగుంది, చదునుగా, పొడవుగా. కానీ గట్టు వెంట స్తంభాలు! దాన్ని వదిలేసి పక్కదానికి తిప్పాను.

రేడియోలో మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) చెప్పగానే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మేడమ్ గాలి ఎటు వీస్తుందో, దగ్గరి రన్‌వే ఎంత దూరమో చెప్పారు, లోపల ఎంతమంది ఉన్నారని అడిగారు. రన్‌వే అందదు, పొలంలో దింపుతున్నా అన్నాను. ఇంక ఆ మాట ఎత్తలేదు, ఎందుకు అందదని అడగలేదు, నా పని నన్ను చేసుకోనిచ్చారు. ఆ టెన్షన్‌లో అది ఎంత పెద్ద సాయమో నాకే తెలుసు.

కిందికి వచ్చేకొద్దీ రేడియో ఆవిడకి అందడం మానేసింది, ఆ ఎత్తులో కొండ అడ్డమొస్తే అంతే సంగతులు. అప్పుడు ఇంకో విమానంలో ఉన్న పైలట్ ఎవరో మధ్యలో అందుకుని మా మాట ఆవిడకి, ఆవిడ మాట మాకు చేరవేశారు. అంతటితో పోకుండా ఫైర్ వాళ్లు వచ్చేదాకా మా మీదే చక్కర్లు కొట్టారు, వాళ్లు దారి తప్పకుండా నేరుగా వచ్చింది అందుకే. ఆయనెవరో తెలిస్తే ఈ పోస్ట్ చేర్చండి.

నా స్నేహితుడికి విమానాల గురించి ఏమీ తెలియదు. నేల తగిలినప్పుడు ఫ్రేమ్ వంగితే తలుపు ఇరుక్కుపోతుంది, కొంచెం తెరిచి ఏదైనా అడ్డం పెట్టు అన్నాను. మారు మాట లేకుండా జాకెట్ విప్పి కుక్కేశాడు. నేను ఫ్యూయల్ కట్ చేసి, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఆపి, ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక ఉండే పలకలు) పూర్తిగా దిగాక బ్యాటరీ కరెంటు ఇచ్చే మాస్టర్ స్విచ్ ఆపేశాను. చాళ్ల వెంటే దించాను, మెత్తటి మట్టిలో ముందు చక్రం విరిగింది గానీ విమానం తిరగబడలేదు.

ఇక ఆ పొలం యజమాని. మేం బయటపడేసరికే పరిగెత్తుకొచ్చారు. పాడైన పంట వైపు కన్నెత్తి కూడా చూడలేదు, పెట్రోల్ వాసన వస్తోందని మమ్మల్ని దూరంగా లాక్కెళ్లి, వెనకే వస్తున్నవాళ్లని సిగరెట్లు ఆర్పేయమని కేకలేశారు. రాత్రంతా విమానం దగ్గర కాపలా కూడా ఉన్నారు. పంట నష్టం సంగతి ఇన్సూరెన్స్ వాళ్లతో నేనే దగ్గరుండి తేలుస్తాను.

ఒక్క విన్నపం. ఫోటోల కోసం ఆ పొలానికి ఎవరూ వెళ్లకండి. రెక్కలు విప్పి విమానాన్ని ట్రైలర్ మీద తీసుకెళ్లిపోయారు, అక్కడ చూడ్డానికేమీ లేదు, మిగిలిన పంటైనా ఆయన చేతికి రానివ్వండి.