కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే బేస్ సెట్ అవ్వదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో పెట్టుకోవడం గురించి రాశారు కదండీ, ఇంటిల్లిపాదీ చదివాం, మన కుర్రాళ్ల కోసం పేజీ మొత్తం ఇచ్చినందుకు నిజంగా సంతోషం. కానీ అందులో గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే బేస్ గిటార్‌తో సహా సౌండ్ అంతా సెట్ అయిపోతుందని రాశారు, అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను గుంటూరులో 16 ఏళ్ల నుంచి బేస్ వాయిస్తున్నా, నేర్చుకుంది చర్చిలో, మా వైపు బేస్ వాయించే వాళ్లలో చాలామంది అలా చర్చి నుంచి వచ్చినవాళ్లే. ఇప్పుడు మా డాబా మీద గదిలో క్రిస్మస్ పాటలకీ షార్ట్ ఫిల్ములకీ ట్రాకులు రికార్డ్ చేసి ఇస్తుంటా. ఆ ట్రేలు నేనూ అంటించా, అవి చాలక ఒక షాపులో ఈ ఫోమ్ బేస్ మొత్తం పీల్చేస్తుందని చెప్తే రెండంగుళాల ఫోమ్ ముక్కలు కొని నాలుగు గోడలకీ కొట్టా, రెండు నెలల సంపాదన పోయింది, బేస్‌లో వీసమెత్తు తేడా రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తా. బేస్‌లో లావు తీగని ఊరికే మీటితే వచ్చేది 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 కంపనాలు, దాని పక్క తీగ ‘ఏ’ నోటు, 55 హెర్ట్జ్. ఈ ‘ఏ’ నోటు ఒక్క అల పొడవే దాదాపు 20 అడుగులు ఉంటుంది, అంత అలకి రెండంగుళాల అట్ట ఏం అడ్డండీ? ట్రేలు, ఫోమ్ వల్ల చప్పట్లు కొడితే వచ్చే గోల, గొంతులో కీచుదనం కాస్త తగ్గుతాయి, కింద స్థాయి మాత్రం అలాగే ఉంటుంది. పైగా గోడల నిండా అట్ట ట్రేలు, వాటి పక్కనే ప్లగ్గులూ వైర్లూ ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, ఈ మాట మాత్రం మీరు తప్పకుండా వేయాలి.

మా గది 10 అడుగులకి 10 అడుగులు. అలాంటి గదిలో రెండు గోడల మధ్య శబ్దం నిలబడిపోయే స్థాయి దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే ఇంచుమించు ఆ ‘ఏ’ నోటు మీదే, పైగా గది నలుచదరం కాబట్టి అటూ ఇటూ రెండు వైపులా అదే. గోడకి ఆనుకుని వింటే ఆ నోటుకి గది దద్దరిల్లిపోతుంది, మధ్యలో కుర్చీ వేసుకుని వింటే అదే నోటు మాయం. నేను ఏళ్ల తరబడి మధ్యలోనే కూర్చుని మిక్స్ చేశా, ‘ఏ’ వినపడట్లేదని పెంచుకుంటూ పోయా, ఒకరోజు పాస్టర్ గారి కారులో ఆ పాట పెడితే డోరు ప్యానెళ్లు గడగడలాడాయి. కుర్చీని ఎదుటి గోడ వైపు కాస్త జరిపి, మూలల్లో మందంగా రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) కట్టలు గుడ్డ చుట్టి నిలబెట్టాక కొంత దారికొచ్చింది, ఇప్పటికీ కింది నోట్లు మాత్రం హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి విని చూసుకుంటా.

ఇంకో మాట, ఇదే అసలైనది. ఇంట్లో బేస్‌ని చాలామందిమి మైకు పెట్టి రికార్డ్ చెయ్యం, వైరు నేరుగా ఇంటర్‌ఫేస్‌లో (వాయిద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెడతాం. అలాంటప్పుడు రికార్డింగ్‌లోకి గది రానే రాదు, గది ప్రభావమంతా మనం వినేటప్పుడే. అమెరికాలో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే పాటల కంపెనీ స్టూడియోలో 1960ల్లో జేమ్స్ జేమర్సన్ అనే బేస్ ప్లేయర్ వాయించిన బేస్ కూడా చాలావరకు అలా నేరుగా మిక్సింగ్ బోర్డులోకి పోయిందే, ఆ స్టూడియో కూడా ఒక మామూలు ఇంటి గ్యారేజీని మార్చి కట్టుకున్నది. ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు, తీగల కింద బ్రిడ్జి (తీగలు గిటార్‌కి ఆనే చోటు) దగ్గర స్పాంజి ఉండేది, పాత తీగలు మార్చేవాడు కాదు. ఆ స్పాంజి ముక్క నేనూ పెట్టి చూశా, గిన్నెలు తోముకునే స్పాంజే, నోటు సాగకుండా పొట్టిగా ముద్దగా వస్తుంది, డోలక్ ఉన్న పాటల్లోకి బ్రహ్మాండంగా కూర్చుంటుంది.

నేరుగా పెట్టేటప్పుడు ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అని ఉండే బటన్ నొక్కాలి, అది నొక్కకుండా లైన్ ఇన్‌పుట్‌లో పెడితే సౌండ్ మొద్దుబారిపోతుంది, మా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో సగం మంది ఇక్కడే దెబ్బతిని గిటార్ మంచిది కాదని అమ్మేస్తున్నారు. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు, ఎర్ర లైటు దాకా పోనక్కర్లేదు.

ఇక హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్య్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో, అంటే మూడో మెట్టు దగ్గర, వచ్చే ‘జి’ నోటు 49 హెర్ట్జ్. అందుకని హమ్ వస్తోందని ఈక్వలైజర్‌లో 50 దగ్గర కోసేస్తే దాంతోపాటు ‘జి’ నోటు కూడా పోతుంది, ‘జి’ స్కేల్ పాటలైతే ఇంకేం మిగులుతుందండీ? రోగం ఉన్నది గోడలో. పాత ఇళ్లల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ ఆ పై కన్నం వెనక ఎర్త్ వైరు ఉండదు, మా ఇంట్లోనూ అదే పరిస్థితి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో గుంట తవ్వించి బొగ్గూ ఉప్పూ వేసి కొత్తగా ఎర్తింగ్ పెట్టించా, ఫోమ్‌కి తగలేసిన దాంట్లో సగం కూడా కాలేదు, ఏడేళ్ల నుంచి వింటున్న గుయ్య్‌మనే మోత ఆ సాయంత్రం చాలావరకు పోయింది. మిగిలినదానికి ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టేయడం, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డ్ చెయ్యకపోవడం, ఛార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపడం, అంతే. ఎర్తింగ్ లేని చోట గిటార్ తీగలు పట్టుకుని మైకుకి పెదవి ఆనిస్తే షాక్ కొడుతుంది, చర్చిలో నాకు తగిలింది, ఇప్పుడు స్టేజి ఎక్కే ప్రతి పిల్లాడికీ ముందు ఇదే చెప్తున్నా.

మీ పేజీ చదివి ఈపాటికే ఎంతోమంది ట్రేలు పోగేస్తుంటారు. ఇంకో ఆదివారం అదే పేజీలో ఒక ఎలక్ట్రీషియన్‌నీ, రోజూ స్టూడియోల్లో వాయించే బేస్ ప్లేయర్‌నీ కూర్చోబెట్టి మాట్లాడించి వేయండి, ఫొటో కింద ఆ ప్లేయర్ పేరు కూడా వేయండి. జేమర్సన్ వాయించిన రికార్డుల మీద ఏళ్ల తరబడి ఆయన పేరే లేదు, మన పాటల్లో కూడా బేస్ ఎవరు వాయించారో వెతికితే దొరకట్లేదండి.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు