ఒక్క యాప్ కోసం ఖాతా దేశాన్నే మార్చుకోవాలా?

గౌరవనీయులైన సంపాదకులకు,

విదేశాలకు బయలుదేరేవారికి వీసా పత్రాలు, సామాను బరువు, మందుల చీటీలు, డాలర్ల మార్పిడి గురించి మన పత్రికలు ఏటా సెలవుల కాలంలో తప్పకుండా సూచనలు ఇస్తాయి. అవే ప్రయాణాల్లో చాలామంది తెలియక చేసి, తిరిగి వచ్చాక చిక్కుల్లో పడుతున్న మరొక పని ఉంది. అది స్మార్ట్‌ఫోన్ ఖాతాలో నమోదైన దేశాన్ని మార్చడం. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన తరువాత కూడా జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల గల్ఫ్ కుటుంబాలు ఖాతాల పని మీద నా దగ్గరికి వస్తూ ఉండడం వల్ల ఈ చిక్కు ఎంత మామూలైపోయిందో గమనించే అవకాశం నాకు కలిగింది. ఈ విషయంలో ఫోన్ కంపెనీల కంటే మన బ్యాంకులు, ప్రభుత్వ శాఖలే ఎక్కువ జవాబు చెప్పుకోవలసి ఉందన్నది నా అభిప్రాయం.

ఫోన్‌లో దేశం పేరు కనిపించే చోటు ఒక్కటి కాదు. భాష, ప్రాంతం అనే సెట్టింగ్ తేదీ ఏ వరుసలో చూపాలి, వారం ఏ రోజుతో మొదలవ్వాలి వంటి విషయాలను మాత్రమే నిర్ణయిస్తుంది. దానిని పూటకొకసారి మార్చినా నష్టం లేదు. సిమ్ కార్డు దేశం వేరు; దుబాయిలో దిగి అక్కడి సిమ్ వేసుకున్నంత మాత్రాన ఖాతా దేశం మారిపోదు. మూడవది, అసలైనది, ఆండ్రాయిడ్ ఫోన్ల ప్లే స్టోర్‌లో గానీ ఐఫోన్ల యాప్ స్టోర్‌లో గానీ మన ఖాతాకు ముడిపడి ఉన్న దేశం. మనకు ఏ యాప్‌లు కనిపించాలి, ధర ఏ కరెన్సీలో ఉండాలి, ఏ దేశపు కార్డు చెల్లాలి అన్నవన్నీ దీని మీదనే ఆధారపడి ఉంటాయి. ఈ తేడా పెద్దవాళ్లకే కాదు, వాళ్ల ఫోన్లు తీసుకొని చకచకా నొక్కేసే ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు కూడా తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

గూగుల్ నిబంధన ప్రకారం ప్లే స్టోర్ దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు. మార్చాలంటే ఆ కొత్త దేశంలో మనం ఉండాలి, అక్కడి కార్డో మరో చెల్లింపు సాధనమో ఖాతాకు జోడించాలి. మార్పు పూర్తిగా అమలు కావడానికి రెండు రోజుల వరకు పట్టవచ్చు. పాత దేశంలో ఖాతాలో మిగిలిన ప్లే బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. ఒకసారి మార్చిన తరువాత ఏడాది గడిచేదాకా వెనక్కి మార్చే వీలు ఉండదు. అసలు ముల్లు ఈ చివరి నిబంధనలోనే ఉంది.

ఈ కట్టుబాటు ఎందుకు పెట్టారో అర్థం చేసుకోలేనిది కాదు. ఒకే సేవకు దేశానికొక ధర ఉంది. యూట్యూబ్ ప్రీమియం వ్యక్తిగత చందా 2024లో పెంచిన తరువాత కూడా మన దేశంలో నెలకు 149 రూపాయలే కాగా, అప్పటికి అమెరికాలో 13.99 డాలర్లు ఉండేది. ధర తక్కువ ఉన్న దేశంలో ఉన్నట్టు వీపీఎన్‌తో (ఫోన్ ఏ దేశంలో ఉందో దాచే సాధనం) చూపించి చందా కట్టినవారి చందాలను ఆ సంస్థ 2024లో రద్దు చేసింది కూడా. వారానికొక దేశం మార్చుకొనే వీలు ఉంటే అందరూ చవక దేశపు పౌరులే అవుతారు. కంపెనీలు తమ వ్యాపారాన్ని కాపాడుకోవడంలో తప్పు పట్టవలసినది లేదు. అయితే ధర కోసం ఎత్తు వేసేవాడికి వేసిన గొళ్లెం, ధర సంగతే తెలియని వారి ఇంటి తలుపుకు పడుతోంది.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో సందర్శకుల వీసాపై వెళ్లే తల్లిదండ్రులను తీసుకుందాం. సాధారణంగా ఆరు నెలలు ఉంటారు. అక్కడి కిరాణా దుకాణం యాప్‌నో, మందుల దుకాణం యాప్‌నో పెట్టబోతే అది మీ దేశంలో అందుబాటులో లేదని స్టోర్ చెబుతుంది. పిల్లలు తమ కార్డు జోడించి, దేశాన్ని అమెరికాగా మార్చేస్తారు. అక్కడ ఉన్నన్నాళ్లు హాయిగానే ఉంటుంది. ఆరు నెలల తరువాత స్వదేశం తిరిగి వచ్చాక, ఫోన్‌లో అంతకుముందే ఉన్న బ్యాంకు యాప్ ఒకనాడు అప్‌డేట్ చేస్తేనే ముందుకు సాగనిస్తానంటుంది. ఆ యాప్‌ను భారతదేశపు స్టోర్‌కే పరిమితం చేసి ఉంటే, ఖాతా అమెరికాది కాబట్టి అప్‌డేట్ దొరకదు. దేశం వెనక్కి మార్చాలంటే ఇంకా ఆరు నెలలు ఆగాలి. పింఛను పడిందో లేదో చూసుకోవడానికి బ్యాంకు గడప తొక్కవలసిన స్థితి అలా వస్తుంది. ఫోన్ పోలేదు, సిమ్ పోలేదు, ఖాతాలో డబ్బు భద్రంగానే ఉంది. అయినా చేతిలో ఉన్న యాప్ మాత్రం పని చేయదు.

ఐఫోన్ వాడేవారి కష్టం మరొక రకం. ఆపిల్ ఏడాది గడువు పెట్టలేదు గానీ, మార్పునకు ముందే తీర్చవలసిన లెక్కలు చాలా పెట్టింది. స్టోర్ ఖాతాలో మిగిలిన డబ్బు మొత్తం ఖర్చు చేయాలి. దేనికీ సరిపోనంత చిల్లర మిగిలితే దాన్ని తీసివేయమని వారి సహాయ విభాగాన్ని కోరాలి. నడుస్తున్న చందాలన్నీ రద్దు చేయడమే కాక, కట్టిన గడువు ముగిసేదాకా వేచి ఉండాలి. సంవత్సరానికి ఒకేసారి కట్టినవారు ఎంత కాలం ఆగవలసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫొటోలు, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే ఐక్లౌడ్ నిల్వకు డబ్బు కడుతున్నవారు దాన్ని కూడా మాని, కొత్త దేశంలో మళ్లీ కొనాలి. ఈ మధ్యలో ఉచితంగా ఇచ్చే 5 జీబీ దాటి ఫొటోలు ఉంటే కొత్తవి భద్రం కావడం ఆగిపోతుంది. ఆ తరువాత కొత్త దేశపు చిరునామా, చెల్లింపు సాధనం ఇవ్వాలి. గతంలో కొన్న యాప్‌లు, పాటలు, సినిమాలు కొత్త దేశపు స్టోర్‌లో లేకపోతే మళ్లీ దించుకోలేము. ఈ షరతులన్నీ కంపెనీ సహాయ పుటల్లో ఉన్నాయి. మనవాళ్లు వాటిని చదివేది సాధారణంగా చిక్కు వచ్చాకే.

కుటుంబం రెండు దేశాల్లో ఉన్నప్పుడు మరింత ఇరకాటం. ఒక ఇంటివాళ్ల ఖాతాలను ఒక బృందంగా కలిపే ఫ్యామిలీ షేరింగ్‌లో కొనుగోళ్లు పంచుకోవాలంటే అందరి ఖాతాలూ ఒకే దేశానివి కావాలన్నది ఆపిల్ నియమం. ఆ బృందంలో ఉన్నవారికి దేశం మార్చే వీలు కూడా దొరకకపోవచ్చు. ముందు బృందం నుంచి బయటికి రావాలి. భర్త దోహాలో, భార్యాపిల్లలు మెట్‌పల్లిలో ఉండడం మా ప్రాంతంలో విశేషం కాదు, కడప జిల్లాలోనూ కోనసీమలోనూ అంతే. ఒక ఇంటివాళ్లు ఒక దేశంలోనే ఉంటారన్న ఊహ మీద కట్టిన ఏర్పాటు ఇటువంటి ఇళ్లకు సరిపోదు. బంధువులు ప్రేమతో అమెరికా నుంచి పంపిన గిఫ్ట్ కార్డు కూడా భారతదేశపు ఖాతాలో చెల్లదు. ఏ దేశంలో కొన్న కార్డు ఆ దేశపు స్టోర్‌లోనే వాడాలి.

ఇంత తతంగానికి మనవాళ్లు ఎందుకు దిగుతున్నారు? నా దగ్గరికి వచ్చినవారిలో చందా ధర తగ్గుతుందని మార్చినవారు కనిపించలేదు. దాదాపు అందరిదీ ఒకే కారణం: కావలసిన ఒక యాప్ తమ దేశపు స్టోర్‌లో కనిపించలేదు. గల్ఫ్‌లో స్టోర్ ఖాతా తెరిచినవాడికి మన బ్యాంకు యాప్ దొరకకపోవచ్చు. ఇక్కడి స్టోర్ ఖాతా ఉన్నవాడికి అక్కడి కంపెనీ యాప్ దొరకకపోవచ్చు. ఏ యాప్ ఏ దేశాల్లో కనిపించాలన్నది నిర్ణయించేది గూగులూ ఆపిలూ కాదు. యాప్‌ను స్టోర్‌లో పెట్టే సంస్థే దేశాల పట్టికలో తనకు కావలసినవి ఎంచుకుంటుంది. భారత్ ఒక్కదాన్నే ఎంచుకొని వదిలేస్తే ఆ యాప్ మిగతా ప్రపంచానికి లేనట్టే.

బ్యాంకులకు ఇందులో కొన్ని న్యాయమైన జంకులు ఉన్నాయని ఆ రంగంలో పనిచేసినవాడిగా ఒప్పుకుంటాను. యూరప్ వంటి చోట్ల వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు కఠినంగా ఉన్నాయి. ఒక దేశంలో యాప్ పెట్టడమంటే అక్కడ వ్యాపారం చేస్తున్నట్టే అవుతుందేమోనన్న న్యాయ సలహాదారుల భయమూ ఉంటుంది. కానీ ప్రవాస భారతీయుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలు తెరవమని గల్ఫ్‌లో ప్రచారం చేసి డిపాజిట్లు సేకరించే బ్యాంకు, ఆ డిపాజిట్‌దారుడి ఫోన్‌కు యాప్ చేరే దారి చూపకపోవడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. ఈ ఖాతాలు ఉన్నవారు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకొనే వీలును నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2023 జనవరిలో పది దేశాల నంబర్లకు కల్పించింది. సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతర్, అమెరికా, సౌదీ అరేబియా, యూఏఈ, బ్రిటన్ ఆ పది. (కువైట్, బహ్రెయిన్ ఆ తొలి జాబితాలో లేవన్నది రాయలసీమ, కోనసీమల వారికి వేరే బాధ.) ఆ నంబర్లను అంగీకరించే బ్యాంకు కనీసం ఆ దేశాల స్టోర్లలోనైనా తన యాప్‌ను ఉంచకపోతే ఆ సౌకర్యం కాగితం మీదనే మిగులుతుంది.

స్టోర్‌లో యాప్ దొరకనివారు చేసే మరొక పని ఇంతకంటే ప్రమాదకరమైనది. ఊళ్లోని తెలిసినవాళ్లను అడిగి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు) తెప్పించుకుంటారు. ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ, బ్యాంకు కేవైసీ అనీ వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవవద్దని రెండు రాష్ట్రాల పోలీసులూ పదే పదే హెచ్చరిస్తున్నారు. మోసపోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయమంటున్నారు. స్టోర్ నుంచి తప్ప మరెక్కడి నుంచీ యాప్ వేసుకోవద్దని ఖాతాదారుకు సందేశాలు పంపే బ్యాంకే, ఆ స్టోర్‌లో అతనికి యాప్ కనిపించకుండా చేస్తే అతడు ఏమి చేయాలి?

ఈలోగా పాఠకులకు ఒక ఉపాయం చెప్పదలచాను. కొద్ది నెలలకు వెళ్లేవారు పాత ఖాతా దేశాన్ని ముట్టుకోవలసిన పని లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండవ గూగుల్ ఖాతాను జోడించుకోవచ్చు. అక్కడికి వెళ్లాక అక్కడే కొత్త ఖాతా తెరిచి, ప్లే స్టోర్‌లో పైన కనిపించే ప్రొఫైల్ బొమ్మను నొక్కి ఆ ఖాతాకు మారి, అక్కడి యాప్‌లు దించుకోవచ్చు. పాత ఖాతా భారతదేశపుదిగానే ఉంటుంది, మన బ్యాంకు యాప్‌ల అప్‌డేట్లు దానిపై వస్తూనే ఉంటాయి. ఐఫోన్‌లో ఐక్లౌడ్‌ను కదపకుండా మీడియా, కొనుగోళ్ల విభాగంలో మాత్రమే వేరే ఖాతాతో ప్రవేశించవచ్చు. అయితే ఏ ఖాతాతో దించిన యాప్ ఆ ఖాతాకే చెందుతుంది, తరువాత అప్‌డేట్ చేసేటప్పుడు దాని పాస్‌వర్డే అడగవచ్చు; కాబట్టి రెండు పాస్‌వర్డులూ జాగ్రత్త చేసుకోవాలి. శాశ్వతంగా స్థిరపడేవారు మాత్రం దేశం మార్చుకోవడమే మంచిది. అది కూడా చందాలు, బ్యాలెన్స్ చూసుకొని తీరికగా చేయవలసిన పని. విమానాశ్రయంలో కూర్చొని చేసేది కాదు.

ఇది ఉపాయమే గానీ పరిష్కారం కాదు. డెబ్బై ఏళ్ల మనిషిని రెండు ఖాతాలు మోయమనడం న్యాయం కాదు. తాత్కాలికంగా మరో చోట ఉండడానికీ, నివాసం మారడానికీ మధ్య ఉన్న తేడాను చట్టం గుర్తించిన ఉదాహరణ ఒకటి ఉంది. ఐరోపా సమాఖ్య 2018 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన నియమం ప్రకారం, తన దేశంలో డబ్బు కట్టి సినిమాలు, పాటలు, ఆటల సేవకు చందాదారుడైనవాడు సమాఖ్యలోని మరో దేశానికి కొంతకాలం వెళ్లినా ఆ సేవ ఇంటి దగ్గర అందినట్టే అందాలి. అది యాప్ స్టోర్ దేశం గురించిన చట్టం కాకపోవచ్చు, కానీ సందర్శకుడిని వలసదారుడిగా లెక్కగట్టకూడదన్న ఆలోచన అందులో ఉంది. సందర్శకుల వీసాపై వెళ్లి తిరిగి వచ్చినవారికి ఏడాది గడువు నుంచి ఒక్కసారి మినహాయింపు ఇవ్వడం గూగుల్‌కు కష్టమైన పని కాదు. భారతదేశపు నంబరు, భారతదేశపు చెల్లింపు సాధనం, భారతదేశంలో ఉనికి, ఈ మూడూ చూసి ఇవ్వవచ్చు. మార్చే ముందు వచ్చే హెచ్చరికను ఫోన్ ఏ భాషలో ఉన్నా తెలుగులో కూడా చూసుకొనే మీట ఒకటి పెడితే మరీ మేలు.

విదేశాలకు పనికి వెళ్లేవారికి ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో, విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన టామ్‌కామ్ వంటి సంస్థలు ఇచ్చే సూచనల్లో ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇక బ్యాంకులను కోరేది ఇంకా చిన్నది. ఎన్‌ఆర్‌ఈ ఖాతా దరఖాస్తు తీసుకొనే రోజునే, తమ యాప్ ఏయే దేశాల స్టోర్లలో దొరుకుతుందో ఆ పట్టికను దరఖాస్తు వెనక అచ్చు వేసి ఖాతాదారు చేతికివ్వాలి. ఆ పట్టికలో అతడు పనిచేయబోయే దేశం లేకపోతే, సంతకం పెట్టాలో వద్దో అతడే నిర్ణయించుకుంటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
జగిత్యాల.