పెద్ద యంత్రాల నెట్‌వర్కులను మరువరాదు

సంపాదకులు గారికి,

నెట్‌వర్కుల చరిత్రపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివితే, ఒకే ప్రాంగణంలోని కంప్యూటర్లను కలపడమనే ఆలోచన ఈథర్‌నెట్ అనే కేబుల్ నెట్‌వర్కు పద్ధతితోనే, అదీ బల్లమీది చిన్న యంత్రాల కోసమే పుట్టిందనిపిస్తుంది. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఈథర్‌నెట్ రూపుదిద్దుకున్న మాట వాస్తవమే. కాని అంతకుముందే, 1960వ దశకంలోనే, అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల తన పెద్ద యంత్రాలను ‘ఆక్టోపస్’ అనే నెట్‌వర్కుతో కలిపి, వాటన్నిటికీ ఉమ్మడి ఫైల్ నిల్వను ఏర్పాటు చేసుకుంది.

అది ఒక సంస్థ తన అవసరానికి కట్టుకున్నది. ఎవరైనా కొనుక్కోగలిగే సరుకుగా దాన్ని మార్చిన ఘనతలో పెద్ద వాటా జేమ్స్ థార్న్‌టన్‌ది. సేమూర్ క్రేతో కలిసి కంట్రోల్ డేటా సంస్థ (సీడీసీ) వారి 6600 సూపర్ కంప్యూటర్‌ను రూపొందించిన ఈ ఇంజినీరు 1974లో మినెసోటాలో నెట్‌వర్క్ సిస్టమ్స్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ తెచ్చిన హైపర్‌ఛానల్ ఒక్కో కోయాక్సియల్ కేబుల్ మీద సెకనుకు 50 మెగాబిట్లు పంపేది. 1980లో ప్రమాణంగా ప్రకటించిన ఈథర్‌నెట్ వేగం 10 మెగాబిట్లే.

అయితే వేగం కంటే, యంత్రాన్ని కేబుల్‌కు కలిపే అడాప్టర్ పనితనమే నాకు గొప్పగా తోస్తుంది. ఆనాటి యంత్రాలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదిరేది కాదు: యంత్రం ఒక్కసారిగా పట్టే డేటా ముక్కను ‘పదం’ అంటారు; ఐబీఎం పదం 32 బిట్లు, యూనివాక్‌ది 36, సీడీసీది 60, క్రేది 64, అక్షరాల సంకేతాలూ వేరు. ప్రతి తయారీదారు యంత్రంలో డేటా వచ్చిపోయే మార్గానికి, అంటే ఛానల్‌కు, తగిన అడాప్టర్‌ను అమర్చి, బిట్లను కూర్చడం, విడదీయడం అందులోనే జరిగేలా చూశారు. ముందు 64 బైట్ల లోపు చిన్న సందేశం వెళ్లేది, అవసరమైతే దాని వెంట అసలు డేటా వెళ్లేది. కేబుల్ ఖాళీ కాగానే అడాప్టర్లు తమకు కేటాయించిన వ్యవధి మేరకు వేచి ఉండి వంతులవారీగా పంపడం వల్ల సందేశాలు ఢీకొనే అవకాశం బాగా తగ్గేది. ఇదంతా ఖరీదైన వ్యవహారం కనుక చిన్న కార్యాలయాలు దాని జోలికి పోలేదు. పైగా, యంత్రాల ఛానళ్లూ సాఫ్ట్‌వేరూ అడ్డుపడి, ఆ 50 మెగాబిట్లు వాడుకలో పూర్తిగా దక్కేవీ కావు.

ఈథర్‌నెట్ వచ్చాక ఈ దారి మూసుకుపోలేదు. నాసా ఏమ్స్ కేంద్రం 1980వ దశకంలో తన క్రే-2 సూపర్ కంప్యూటర్‌ను హైపర్‌ఛానల్‌తో కలిపింది. హైపర్‌ఛానల్ మీద ఇంటర్నెట్ ప్రోటోకాల్ నడిపే విధానాన్ని 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1044 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వివరించింది. లాస్ అలమోస్‌లో రూపుదిద్దుకున్న హిప్పీ అనే యంత్రాల అనుసంధాన పద్ధతి, 25 మీటర్ల లోపు దూరమే అయినా, రాగి తీగల మీద సెకనుకు 800 మెగాబిట్ల వేగాన్ని అందుకుంది. నేటి డేటా సెంటర్లలో నిల్వకోసం ప్రత్యేకంగా నడిచే నెట్‌వర్కులకు ఈ వరుసతోనే చుట్టరికం ఎక్కువ. 1995లో నెట్‌వర్క్ సిస్టమ్స్‌ను కొన్నది నిల్వ పరికరాల సంస్థ స్టోరేజ్‌టెక్ కావడంలో వింతేమీ లేదు.

ఆ వ్యాసానికి తరువాయి భాగం వేసే ఉద్దేశం ఉంటే, అందులో థార్న్‌టన్‌కూ హైపర్‌ఛానల్‌కూ చోటు కల్పించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు