మీ బిళ్ళగన్నేరు చచ్చిపోవడంలో సగం తప్పు మాదే

జూలై, ఆగస్టు నెలల్లో మా నర్సరీలో బిళ్ళగన్నేరు మొక్కలు కొన్నవాళ్ళందరికీ నమస్కారం. సెప్టెంబరు వానలు పట్టుకున్నప్పటి నుంచి మీలో చాలామంది ఫోన్లు చేశారు. కొందరు వాడిపోయిన మొక్కను కుండీతో సహా తెచ్చి నా ముందు పెట్టారు. "ఎండకు ఓర్చుకుంటుంది, నీళ్ళు మరిచిపోయినా బతుకుతుంది అని చెప్పి అమ్మావు కదమ్మా, రెండు నెలలన్నా నిలవలేదే" అని అడిగారు. అడగాల్సిందే. అప్పట్లో నేను ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పి పంపించాను. ఒకరితో వానలన్నాను, ఇంకొకరితో తెగులన్నాను, ఒకరిద్దరితో అయితే మీ కుండీదే లోపమని కూడా అన్నాను. ఇప్పుడు సంగతి తెలిసింది కాబట్టి అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

తెలిసింది ఒక రిటైర్డు మాస్టారు తెచ్చిన మొక్క వల్ల. ఆకులన్నీ కిందికి వేలాడుతున్నాయి, మట్టి మాత్రం చెమ్మగా, నల్లగా ఉంది. "రోజూ పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాను. వాడుతోందని చూసి మధ్యాహ్నం ఇంకో చెంబు పోశాను" అన్నారు. "మట్టి తడిగానే ఉంది కదా సార్" అంటే, "వాడిన మొక్కకు నీళ్ళు పొయ్యక మరేం పోస్తామమ్మా?" అని నన్నే అడిగారు. కుండీ తిరగేసి మొక్కను బయటికి తీశాను. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు జారి నా చేతికొచ్చింది, లోపల దారప్పోగు లాంటిది మిగిలింది. కాండం మట్టిని తాకే చోట కమిలిపోయి ఉంది. అంటే ఆ మొక్క కుండీ నిండా నీళ్ళు పెట్టుకుని దాహంతో చచ్చింది. తాగడానికి దానికి వేరంటూ లేదు.

మా తప్పు ఎక్కడుందో చెబుతాను. మీకు ఇచ్చింది హైబ్రిడ్ రకం, నారు ట్రేలలో బయటి నుంచి తెప్పించాం. పువ్వు పెద్దది, మొక్క పొట్టిగా గుబురుగా ఉంటుంది, చూడగానే చెయ్యి అటే పోతుంది. దాన్ని సగం కోకోపీటు, అంటే కొబ్బరిపీచు పొట్టు, కలిపిన మట్టిలో నాటాను. ఎందుకంటే కుండీ తేలిగ్గా ఉంటుంది, మిద్దె మీదికి మోసుకుపోయే వాళ్ళకు సులువు. రెండో కారణం మీకు చెప్పలేదు. కోకోపీటు తడిని పట్టి ఉంచుతుంది, మాకు నీళ్ళు పెట్టే పని తగ్గుతుంది. చామంతికి, పిటునియాకు సరిపోయే ఆ మట్టి దీనికి గొయ్యి తవ్వింది. పైగా సాయంత్రం పైపు పట్టుకుని ఆకుల మీదుగా తడిపేవాళ్ళం. ఈ కుళ్ళు తెచ్చేది ఫైటోఫ్తోరా అనే నీటిబూజు. దాని విత్తులు తడిలో ఈదుతూ పోతాయి, చుక్క చిందితే పక్క మొక్కకు చేరతాయి. ఒక వరసలో మొదలైంది మూడు వరసలకు పాకింది. నేను కార్బెండజిమ్ తెచ్చి పోశాను. అది మామూలు బూజు తెగుళ్ళకు పనిచేసే మందు, దీని మీద పనిచెయ్యదు. మెటలాక్సిల్ ఉన్న మందు వాడాలని తర్వాత తెలిసింది. అది కూడా వేరు కుళ్ళక ముందే. కుళ్ళాక ఏ మందూ లేదు, పీకి పారెయ్యడమే. డబ్బు పోయింది, మొక్కలూ పోయాయి.

ఇంతా చేస్తే మా గేటు పక్కన పాత నీళ్ళతొట్టికీ ప్రహరీకీ నడుమ పగుల్లో ఒక నాటు బిళ్ళగన్నేరు ఉంది. ఎవరూ నాటలేదు. మన అనంతపురంలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల దరిదాపు, ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలు. మే నెలంతా దానికి చుక్క నీరు పొయ్యలేదు. మిట్టమధ్యాహ్నం ఆకులు ముడుచుకునేవి, పొద్దు వాలేసరికి మళ్ళీ విప్పుకునేవి. గులాబీరంగు పూలు అయిదారు ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి. ఊరంతా దాన్ని చూసే కదా "బిళ్ళగన్నేరు మొండిది" అనుకుంటాం. ఆ పేరు దాని మొండితనానికి వచ్చింది, నేను దాని పేరు చెప్పి వేరే మొక్కను అమ్మాను. అబద్ధమాడాలని కాదు, నాకే తేడా తెలియక. ఆకు కాస్త ముడుచుకోగానే నీళ్ళ పైపు తియ్యడం మాస్టారి మొక్క వేర్లు చూసిన రోజుతో మా పనివాళ్ళూ మానేశారు, నేనూ మానేశాను.

ఇక నుంచి ఏం చేస్తున్నామంటే, వానాకాలంలో హైబ్రిడ్ అమ్మం. కావాలని అడిగినవాళ్ళకు ఫిబ్రవరి తర్వాతే ఇస్తాం, అదీ ఈ కథంతా చెప్పి. నాటు రకం నారు మేమే పోస్తున్నాం. జంటగా సన్నగా ఉండే కాయలు పసుపు తిరిగి ఎండేటప్పుడు కోస్తే లోపల నల్లటి చిన్న గింజలుంటాయి. కాయ చిట్లక ముందే కొయ్యాలి, లేకపోతే గింజ నేల మీద వెతుక్కోవాలి. ఈ గింజకు వెలుతురు పనికిరాదు, పైన పలచగా మట్టి కప్పాలి. నేను మొదటి ట్రే కప్పకుండా వదిలేసి పది రోజులు దాని మొహం చూస్తూ కూర్చున్నాను. హైబ్రిడ్ మొక్క గింజలు కూడా దాచి పోసి చూశాం, తల్లి రంగు రాలేదు. నాటు మొక్క 20 రూపాయలు, హైబ్రిడ్ 60కి అమ్మేవాళ్ళం. లాభం లెక్క మీకు తెలిసిపోతుంది, దాచేదేముంది.

కొత్త మొక్క తీసుకుపోయేవాళ్ళు నా మాట వినండి. మట్టిలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వద్దు. కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో కాదు, తెరిచి ఉందో లేదో చూడండి. చాలా ప్లాస్టిక్ కుండీలకు గుర్తు మాత్రమే ఉంటుంది, మనమే పొడవాలి. కింద పళ్ళెం పెట్టకండి. బండ తడుస్తుందని పెడతారు, ఆ పళ్ళెంలో నిలిచిన నీళ్ళే వేరుకు ఎదురొస్తాయి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. నీడలో పెడితే సాగుతుంది, పూయదు. నాటిన కొత్తలో నీళ్ళు పెట్టి, వేరు పట్టాక చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే పొయ్యండి. పోసేటప్పుడు మొక్క మొదట్లోనే, ఆకుల మీద కాదు. నేలలో నాటుకునే జాగా ఉంటే ఇంకా మేలు, మొదటి ఏడాది దాటితే దాన్ని మీరు మరిచిపోవచ్చు. యూరియా వేస్తే ఆకు బలుస్తుంది, పువ్వు రాదు. ఉగాదికి ముందు సగానికి కత్తిరిస్తే కింది నుంచి కొత్త కొమ్మలేసి గుబురవుతుంది.

లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది కుళ్ళు కాదు, కంగారు పడి పీకకండి. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. వేరుశనగ వేసే ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చేనుకు చల్లే మందే దీనికీ. లీటరు నీళ్ళకు అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి. ఆకుల మీద నీళ్ళు వద్దని ఇప్పుడే కదా చెప్పావు అంటారేమో, ఈ ఒక్కటీ మినహాయింపు, అదీ వాన లేని రోజున.

ఇంకొకటి. వారంలో ఇద్దరు ముగ్గురు మొక్క కోసం కాదు, ఆకు కోసం వస్తున్నారు. షుగరుకు పొద్దున్నే నమిలితే మంచిదట. నేను ఇవ్వను, కోప్పడకండి. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు ఈ ఆకు షుగరుకు పనిచేస్తుందేమోనని ఎలుకల మీద చూస్తే, షుగరు సంగతి పక్కకు పోయి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అందులోంచే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సరు మందు బయటికొచ్చింది. విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే, పిల్లల రక్త క్యాన్సరుకు డాక్టర్లు చుక్క కొలిచి ఎక్కిస్తారు. అలాంటి ఆకును మీరు గుప్పెడు నమిలితే ఎంత లోపలికి పోయిందో ఎవరు కొలుస్తారు? మా వీధి మేకలు దీని వంక చూడనైనా చూడవు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆకులు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

జూలై, ఆగస్టుల్లో కొన్న మొక్క పోయిన ప్రతి ఒక్కరికీ ఒకటికి రెండు నాటు మొక్కలు ఇస్తాం. బిల్లు అక్కర్లేదు, వచ్చి చెబితే చాలు. హైబ్రిడ్ డబ్బులే కావాలంటే అవీ ఇస్తాం. దసరా దాటాక రండి, ఇప్పుడు నారు ఇంకా నాలుగాకుల మీదే ఉంది. పాత కుండీ కూడా తీసుకురండి, అందులో మట్టిని మాత్రం ఇంట్లో వేరే మొక్కకు వెయ్యకండి, తులసికి అసలే వద్దు. ఆ మట్టి మా దగ్గరే పారబోసి, కుండీ కడిగి ఎండబెట్టి, కొత్త మట్టితో నాటి ఇస్తాను. మాస్టారు నిన్న వచ్చి చెంబు చూపించి, "దీన్నేం చెయ్యమంటావమ్మా" అన్నారు. ఆ గేటు పక్క పగుల్లోంచి ఒక మొలకను పీకి కవర్లో వేసిచ్చాను. సోమవారం మాత్రం నర్సరీకి సెలవు.